చిన్న ట్రాక్టర్: గేర్లదా, హైడ్రోస్టాటిక్‌దా? ముందు దానికి ఏం తగిలిస్తారో తేల్చుకోండి

20 నుంచి 40 హెచ్‌పీ మధ్యలో చిన్న ట్రాక్టర్ కొందామనుకున్నవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని, ఆ తర్వాత గేర్లది మేలా హైడ్రోస్టాటిక్‌ది మేలా అని. ప్రశ్నలు మంచివే, వరసే తిరగబడింది. వెనకాల ఏం తగిలిస్తారు, ముందు ఏం తగిలిస్తారు, ఏడాదిలో ఎక్కువ గంటలు బండి ఏ పని మీద తిరుగుతుంది, ఈ మూడూ తెలియకుండా గేరుబాక్సు గురించి ఎంత వాదించుకున్నా ఒడ్డుకు చేరం. రొటావేటర్‌కి (తిరిగే బ్లేడ్లతో మట్టిని కోసేది) బాగా నప్పిన బండి లోడర్ (ముందు తగిలించే, మట్టి ఎత్తిపోసే బకెట్) పనిలో మనిషిని సాయంత్రానికి పడుకోబెట్టేయొచ్చు, లోడర్‌కి భలే ఉన్న బండి కల్టివేటర్ (పళ్ళతో దున్నేది) లాగలేక ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ నిలబడొచ్చు.

ముందు రెండింటి తేడా. గేర్ల బండి అందరికీ తెలిసిందే, క్లచ్ తొక్కాలి, గేరు మార్చాలి, వదలాలి, చిన్నవాటిలో కొన్నిటికి ముందుకి 8, వెనక్కి 4 గేర్లు ఉంటాయి, కొన్నిటికి ఇంకా ఎక్కువ. హైడ్రోస్టాటిక్‌లో ఇంజిన్ ఒక పంపును తిప్పుతుంది, ఆ పంపు ఆయిల్‌ను ఒత్తిడితో ఒక హైడ్రాలిక్ మోటారుకి తోస్తుంది, ఆ మోటారు చక్రాలను నడుపుతుంది. పంపులో వాలు మారే ప్లేటు ఒకటి ఉంటుంది, మీరు పెడల్ తొక్కినకొద్దీ దాని వాలు పెరిగి ఆయిల్ ఎక్కువ వెళ్తుంది, అటు తొక్కితే ముందుకి, ఇటు తొక్కితే వెనక్కి. గేరు లివరు స్థానంలో లో, మీడియం, హై అని రెండు మూడు రేంజులు మాత్రమే ఉంటాయి. వినడానికి బాగుంది కదా, నడపడానికి ఇంకా బాగుంటుంది. కానీ శక్తి ఆయిల్ గుండా వెళ్లాలి కాబట్టి దారిలో కొంత వేడిగా పోతుంది. రెండింటి తేడా అంకెల్లో చూడాలంటే కుబోటా ఎల్2501 ట్రాక్టర్ స్పెక్ షీటు తెరవండి: ఇంజిన్ 24.8 హెచ్‌పీ, అదే ఇంజిన్‌తో గేర్ల మోడల్‌కి పీటీఓ (వెనక పనిముట్టును తిప్పే షాఫ్ట్) దగ్గర 20.5, హైడ్రోస్టాటిక్ మోడల్‌కి 19. ఒకటిన్నర హెచ్‌పీ అంటే పెద్ద బండికి లెక్కలోది కాదు, 25 హెచ్‌పీ బండికి మాత్రం రొటావేటర్ సైజు ఎంచుకునేటప్పుడు తెలుస్తుంది. అందుకే బానెట్ మీద రాసిన అంకె చూసి మురిసిపోకుండా పీటీఓ హెచ్‌పీ ఎంత అని అడగండి. పనిముట్టు తినేది అదే.

లోడర్ పనిలో మాత్రం హైడ్రోస్టాటిక్‌కి సాటి లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు. ఒక్క బకెట్ మట్టి తీసి పక్కన పోయడం చూడండి. కుప్పలోకి ముందుకి వెళ్లాలి, ఆగాలి, వెనక్కి రావాలి, ఆగాలి, తిప్పుకుని మళ్లీ ముందుకి వెళ్లి పోయాలి, మళ్లీ వెనక్కి రావాలి. మామూలు గేర్ల బండిలో ప్రతి మలుపుకీ ఎడమ కాలు క్లచ్ మీద, కుడి చెయ్యి లోడర్ లివరు మీద, ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద, మరి గేరు ఏ చేత్తో మార్చాలి? వంద బకెట్లు పోసేసరికి మోకాలు అంటుకుంటుంది, క్లచ్ ప్లేటు కూడా అంటుకుంటుంది. చిన్న ట్రాక్టర్‌లో క్లచ్ ప్లేటు మార్చాలంటే మామూలుగా బండిని నడుము దగ్గర రెండుగా విడదీయాలి, అది ఒక పూటలో అయ్యే పని కాదు. పెడల్ బండిలో ఇదంతా కుడి పాదం వేళ్ళూ మడమల మీద నడిచిపోతుంది.

మధ్యలో ఇంకో రకం ఉంది, షటిల్. గేరు అదే ఉంచి స్టీరింగ్ పక్కన ఉన్న చిన్న లివరుతో ముందుకి వెనక్కి మార్చుకోవచ్చు. సింక్రో షటిల్‌కి ఇంకా క్లచ్ తొక్కాలి, పవర్ షటిల్‌కి అక్కర్లేదు. దున్నకం సగం, లోడర్ సగం అనేవాళ్లు దీన్ని తప్పకుండా ఒకసారి నడిపి చూడాలి. మనవాళ్లు ఎందుకో ఈ రకాన్ని లెక్కలోకే తీసుకోరు.

ఇక దున్నకానికి వద్దాం. గంటల తరబడి ఒకే వేగంతో, నిండు బరువుతో లాగే పనికి గేర్లదే మేలు. ఒకసారి గేరు వేసి థ్రాటిల్ పెట్టేస్తే వేగం కదలదు, ఇంజిన్ ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం నేల దాకా వెళ్తుంది, డీజిల్ కూడా కొంత కలిసొస్తుంది. బరువు ట్రాలీ లాగడానికీ అంతే. హైడ్రోస్టాటిక్‌తో దున్నలేమని కాదు, దున్నుతారు, కానీ అలవాటు మార్చుకోవాలి. ఇంజిన్ గొంతు దిగిపోతుంటే మన కాలు దానంతటదే పెడల్‌ను ఇంకా లోపలికి తొక్కేస్తుంది, కారులో అలవాటు అది. ఇక్కడ అలా తొక్కితే గేరు పెంచినట్టు లెక్క, బండి ఇంకా మొరాయిస్తుంది. పెడల్ కాస్త వదలాలి, అప్పుడు లాగే బలం పెరుగుతుంది. అయినా కీచుమని అరుస్తూ కదలకపోతే ఒత్తిడి మితిమీరి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటోందన్నమాట, రేంజి దించాలి. దీని ఆయిల్, ఫిల్టర్ల విషయంలో అశ్రద్ధ అస్సలు పనికిరాదు, గేరుబాక్సు పాత ఆయిల్‌తో కొన్నాళ్లు నెట్టుకొచ్చినట్టు పంపు నెట్టుకురాదు.

గేర్లదా కాదా అన్నదానికంటే నాకు ముఖ్యమనిపించేది పీటీఓ క్లచ్ ఎలాంటిది అన్నది. బ్రోచర్‌లో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే క్లచ్ ఉన్న బండిలో క్లచ్ తొక్కితే బండీ ఆగుతుంది, పీటీఓ కూడా ఆగుతుంది. అంటే రొటావేటర్ తిరుగుతుండగా గట్టి పెళ్ళ దగ్గర బండిని ఒక్క క్షణం ఆపి పనిముట్టును తిరగనిద్దామంటే కుదరదు. గడ్డి కోసే స్లాషర్‌తో అయితే ఇంకా ప్రమాదం, బరువైన బ్లేడు తిరిగే ఊపు షాఫ్ట్ గుండా వెనక్కి వచ్చి, మీరు క్లచ్ తొక్కినా బండిని ముందుకి నెడుతుంది. పాత బండ్లతో ఇలా గోడలు గుద్దినవాళ్లున్నారు. దీనికి ఓవర్ రన్నింగ్ క్లచ్ అని చిన్న ముక్క దొరుకుతుంది, తగిలిస్తే ఆ నెట్టుడు ఆగుతుంది. రెండంచెల క్లచ్ అయితే సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితేనే పీటీఓ ఆగుతుంది, అది నయం. అన్నిటికంటే మేలు ఇండిపెండెంట్ పీటీఓ, బండి క్లచ్‌తో సంబంధమే లేకుండా వేరే స్విచ్చో లివరో ఉంటుంది. హైడ్రోస్టాటిక్ బండ్లలో పెడల్ వదిలితే బండి ఆగినా పీటీఓ తిరుగుతూనే ఉంటుంది, సగం మంది వాటిని మెచ్చుకునేది అసలు ఈ సుఖానికే అనుకుంటాను. గేర్ల బండి తీసుకునేవాళ్లు ఇండిపెండెంట్ పీటీఓ ఉన్నది ఎంచుకుంటే ఆ సుఖం చాలావరకు వచ్చేస్తుంది.

ఇక రొటావేటర్, కల్టివేటర్. రెండూ మట్టిని కదిలించేవే, కానీ బండిని అడిగేవి వేరు. కల్టివేటర్‌ని లాగాలి, అంటే వెనక చక్రాలు నేలను గట్టిగా పట్టుకోవాలి, అంటే బండికి బరువుండాలి. తేలికైన బండికి ఎంత హెచ్‌పీ ఉన్నా టైర్లు జారిపోతే ఆ శక్తి గాలికి పోయినట్టే. దున్నేటప్పుడు జారుడు 10, 15 శాతం లోపు ఉంటే సరే, దాటితే బరువు చేర్చాలి, లేదా పళ్ళు తగ్గించాలి. రొటావేటర్ అలా కాదు. దాని బ్లేడ్లు చక్రాలు తిరిగే వైపే తిరుగుతూ మట్టిని వెనక్కి కోస్తాయి, అందువల్ల బండిని కాస్త ముందుకి నెడతాయి కూడా. శక్తి పీటీఓ గుండా వెళ్తుంది, టైర్ల మీద పెద్ద భారం పడదు. అందుకే తేలికైన చిన్న బండికి రొటావేటర్ అంత బాగా కుదురుతుంది, 25 హెచ్‌పీ చుట్టుపక్కల బండి సుమారు 4 అడుగులది తిప్పుతుంది. వెడల్పు ఆశపడి పెద్దది తగిలిస్తే ప్రతి చాలులోనూ ఇంజిన్ మూలుగుతుంది. ఇంకో సంగతి, రొటావేటర్‌కి చాలా నెమ్మది వేగం కావాలి, పీటీఓ మాత్రం నిమిషానికి పూర్తిగా 540 చుట్లు తిరగాలి. గేర్ల బండిలో మొదటి గేరే వేగంగా ఉంటే చిక్కు, క్రీపర్ గేరు (మరీ నెమ్మదిగా నడిపేది) ఉందో లేదో అడగండి. పెడల్ బండిలో ఆ బాధ లేదు, నత్తలా పాకించొచ్చు. కానీ ఎప్పుడూ రొటావేటరే వేస్తే అది దిగే లోతుకి కింద గట్టి పొర కడుతుంది, తడి బంకమట్టిలో అయితే మరీను. అప్పుడప్పుడు లోతు పళ్ళతో దున్నక తప్పదు, ఆ రోజు బండి బరువు గుర్తొస్తుంది.

లిఫ్ట్ అంకెల్లోనూ ఒక కిటుకుంది. పనిముట్టును పట్టి ఎత్తే వెనక త్రీ పాయింట్ చేతులు ఎంత ఎత్తుతాయో రెండు రకాలుగా రాస్తారు, చేతుల చివరి గుండ్ల దగ్గర ఒకటి, వాటికి 610 మిల్లీమీటర్లు వెనక ఒకటి. అదే ఎల్2501కి మొదటిది దాదాపు 870 కేజీలు, రెండోది 650 దగ్గర. పనిముట్టు బరువంతా గుండ్ల మీదే వేలాడదు, దాని మధ్యబిందువు ఎక్కడో వెనకాల ఉంటుంది కాబట్టి రెండో అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఒక కంపెనీ మొదటిది, ఇంకో కంపెనీ రెండోది రాస్తే రెండు బండ్లనీ పోల్చడం దండగ. ఎత్తగలిగినా ముందు చక్రాలు నేలను వదిలితే స్టీరింగ్ ఉత్తిదే, మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలని లెక్క.

ఆ చేతులకి పనిముట్టును తగిలించే పిన్నుల సంగతి కూడా చూసుకోండి. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువగా ఉండేది కేటగిరీ 1, కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19. కేటగిరీ 1ఎన్‌కి పిన్నులు అవే గానీ చేతుల మధ్య దూరం తక్కువ, 683 బదులు 400 మిల్లీమీటర్లే. పక్కవాళ్ల రొటావేటర్ అడిగి తెచ్చుకుని చేతులు విరిచి తగిలించాలని చూసేవాళ్లకి తెలుస్తుంది ఈ తేడా.

లోడర్ అంటే బకెట్ ఎంత ఎత్తుతుంది అనే అందరూ అడుగుతారు. వెనకాల ఏం బరువు పెడతారు అన్నదే అసలు ప్రశ్న. బకెట్ నిండగానే బరువంతా ముందు ఇరుసు మీదకి పోతుంది, వెనక చక్రాలు తేలిపోతాయి, చిన్న బండ్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి కాబట్టి వాలులో దిగేటప్పుడు బ్రేకు వేసినా జారుతుంది. ఫోర్ వీల్ వేసి ఉంచితే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. లోడర్ పెట్టేవాళ్లు టూ వీల్ బండి జోలికి పోవద్దు, వెనక బరువు పెట్టెనో రొటావేటర్‌నో తగిలించకుండా బకెట్ ఎత్తొద్దు, వెనక టైర్లలో నీళ్లు నింపించుకుంటే ఇంకా మంచిది. బకెట్‌ను కిందికి పెట్టుకునే నడపండి. మడిచే రోల్ బార్ (పల్టీ కొడితే మనిషిని కాపాడే కమ్మీ) నిలబెట్టి ఉన్నప్పుడే సీటు బెల్టు పెట్టుకోండి, మడిచేసి బెల్టు పెట్టుకుంటే బండి పల్టీ కొట్టినప్పుడు దాంతో పాటే ఉండిపోతారు.

గడ్డి కోతకి స్లాషర్, ఫ్లెయిల్ మూవర్ రెండింట్లో నేనైతే మనుషులు తిరిగే చోట ఫ్లెయిల్‌కే ఓటేస్తాను. స్లాషర్ మొద్దుది, వేలెడు లావు పొదలనూ నరుకుతుంది, పెద్దగా పని చెప్పదు, కానీ రాయి తగిలితే తూటాలా విసురుతుంది. ఫ్లెయిల్‌కి చిన్న చిన్న బ్లేడ్లు బోలెడు, అరుగుతాయి, మార్చాలి, కానీ సన్నగా కోస్తుంది, బండికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెనక బరువు కూడా తక్కువ వేలాడుతుంది.

ఇక నా ఓటు. ఏడాదిలో సగానికి పైగా దున్నకం, ట్రాలీ అయితే గేర్లది, ఇండిపెండెంట్ పీటీఓతో, ఉన్నవాటిలో బరువైనది. లోడర్, కోత, చెట్ల మధ్య తిరగడం, కొత్తవాళ్లు నడపడం ఎక్కువైతే హైడ్రోస్టాటిక్, ఒకటి రెండు హెచ్‌పీ ఎక్కువ ఉన్నది. రెండూ సమానంగా ఉంటే షటిల్. గుంతలు తవ్వే బ్యాక్‌హో కూడా కావాలనుకునేవాళ్లు హైడ్రాలిక్ పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో చూడండి, అయితే ఏడాదికి వారం రోజుల తవ్వకానికి దాన్ని కొనుక్కోవడం దండగ, అన్ని కేజీలు విప్పి బిగించడమే ఒక పని, ఆ వారానికి తవ్వే మెషిన్ అద్దెకి తెచ్చుకోండి.