కింద ట్రాములు, పైన కాపురాలు

జ్యూరిక్‌లో మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం. పేరెందుకులెండి. లిఫ్టు పనిచేయదు, మోకాళ్ళ నొప్పులతో అమ్మ మూడంతస్తులెక్కింది. కట్టిన డబ్బు గుర్తొచ్చి నాకు నిద్రే పట్టలేదు.

మర్నాడు కాల్క్‌బ్రైటెకి మారిపోయాం. ట్రాముల షెడ్డు మీద కట్టిన ఇళ్ళవి. "అంటే కొట్టం కింద, కాపురం పైనన్నమాట" అంది అమ్మ. 2014లో జనం దిగారు, ఇప్పుడు రెండొందల యాభై మంది దాకా ఉంటారు. స్థలం నగరానిది, లీజుకు తీసుకున్నారు. ఇళ్ళు సహకార సంఘానివి. చేరేవాళ్ళు వాటా కడతారు, అద్దె ఖర్చుల మేరకే, మనిషికో ఓటు. సొంత కారు పెట్టుకోబోమని ముందే ఒప్పుకోవాలి. మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో విజిటర్ పార్కింగ్ మీదే గంటన్నర మీటింగ్ నడుస్తుంది, ఇక్కడ ఆ గొడవే లేదు!

మేం దిగింది ఆ ఇళ్ళ మధ్యే ఉన్న 'పెన్షన్'లో. అమ్మ తన పెన్షనేమో అనుకుంది. అక్కడ చిన్న లాడ్జిని అలా అంటారు. గది చిన్నదే, శుభ్రంగా ఉంది. కానీ మేం ఎక్కువసేపు గడిపింది షెడ్డు కప్పు మీది పెద్ద వాకిట్లోనే. వీధిలోంచి మెట్లెక్కి ఎవరైనా రావచ్చు, గేటూ లేదు, వాచ్‌మనూ లేడు. బెంచీ మీద పులిహోర డబ్బా విప్పగానే ఒక పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. పిల్లలు వెళ్ళిపోతే పెద్ద ఫ్లాటు వదిలి చిన్నదానికి మారాలట, అది సంఘం నియమం. నేను అమ్మకి తెలుగులో చెప్పాను.

"మరి పండక్కి పిల్లలొస్తే ఎక్కడ పడుకుంటారు? అడుగు."

ఆవిడ మా గదివైపే చెయ్యి చూపించింది. ఇంటింటికీ గెస్ట్‌రూమ్ ఎందుకని అందరికీ కలిపి ఈ గదులు పెట్టుకున్నారట. మిగిలినప్పుడు మాలాంటివాళ్ళకి ఇస్తారు. వంటకీ అలాగే: యాభై మంది దాకా కలిసి వంటమనిషిని పెట్టుకుని భోంచేస్తారు. నాకైతే బాగా నచ్చింది. మా ఆవిడ మాత్రం "రోజూ ఇంకొకళ్ళ వంటా?" అని మొహం చిట్లించింది.

ఇంకోరోజు ఊరి ఉత్తరాన హుంజికర్ అరేయాల్ చూశాం. అదీ సహకార సంఘానిదే, 13 భవనాలు, అక్కడా గెస్ట్‌హౌస్ ఉంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదే మేలు, ఆడుకునే చోటు ఎక్కువ. ఊరు తిరగాలంటే మాత్రం కాల్క్‌బ్రైటె, ట్రాము గుమ్మంలోనే ఆగుతుంది. గదులు తక్కువ, ముందే బుక్ చేసుకోండి.

బయల్దేరేటప్పుడు అమ్మ దుప్పటి మడతపెడుతోంది. ఎందుకమ్మా, వాళ్ళు చూసుకుంటారు కదా అన్నాను. "చుట్టాలింట్లో అలా వదిలేసి వస్తామా?" అంది.