గ్లాక్ మేలా, సిగ్ పి320 మేలా, మావయ్య పాత ఇనప పిస్టల్ మేలా?

ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగిన ప్రతిసారీ మా ఇంట్లో ఒకటే గొడవ, నేవీ కమాండోలు, అదే మార్కోస్ వాళ్ళు, హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగడం చూసి ఇంటికొచ్చి మురీ మిక్చర్ పొట్లం విప్పేలోపు ఎవరో ఒకరు పిస్టల్ టాపిక్ ఎత్తుతారు, ఇక అన్నాల టైం దాకా అదే. మా మావయ్య నేవీలో చేసి రిటైరయ్యాడు, మల్కాపురంలో ఉంటాడు, సర్వీసులో ఆయన పేల్చింది ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం 1ఏ పిస్టల్. మా బావ డల్లాస్‌లో ఉంటాడు, గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదే సిగ్ పి320 కొన్నాడు. నాది గ్లాక్ పార్టీ.

ముందే చెప్పేస్తున్నా, 9 ఎంఎం తూటా సైజు మన దేశంలో మామూలు జనానికి ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధం, లైసెన్స్ ఉన్నా ఇవ్వరు, లైసెన్స్ ఉన్నోళ్ళు కొనుక్కునేది కాన్పూర్ .32 లాంటివే, కాబట్టి ఇది చదివి ఎవరూ షాపుకి బయల్దేరకండి. నేను పేల్చింది కూడా ఆఫీస్ పని మీద డల్లాస్ వెళ్ళినప్పుడే, ఒక్క పూట. వీసా మీద వెళ్ళినోడు అక్కడ గన్ పట్టుకోవాలంటే హంటింగ్ లైసెన్స్ ఉండాలని బావ చెప్తే అది తీసుకున్నాకే రేంజ్‌కి వెళ్ళాం, జింక మొహం చూడకుండా వేటగాడినైపోయా.

సరే, మావయ్య పిస్టల్‌తో మొదలెడదాం. 1ఏ అంటే బెల్జియం వాళ్ళు 1935లో తెచ్చిన బ్రౌనింగ్ హై పవర్‌కి మన కాపీ, మొత్తం ఇనుమే, 13 రౌండ్లు, అంటే తూటాలు, పట్టే మ్యాగజైన్, ఖాళీగానే దగ్గరదగ్గర 900 గ్రాములు. ఆ బరువు వల్ల పేల్చినప్పుడు ఎగిరిపడదు, చేతిలో నిలకడగా ఉంటదంటాడు మావయ్య, అది ఒప్పుకోవాల్సిందే. కానీ సింగిల్ యాక్షన్, అంటే వెనకున్న సుత్తిలాంటి హ్యామర్ వెనక్కి లాగి ఉంటేనే ట్రిగ్గర్ పని చేస్తది, సేఫ్టీ బొటనవేలితో దించాలి, కంగారులో అది మర్చిపోతే అంతే సంగతులు. ఇంకోటి, మన వైజాగ్ ఉప్పు గాలి. సింధియా వైపు ఇళ్ళల్లో గేట్లు, స్కూటీ సైలెన్సర్లు, ఏసీ బయట యూనిట్లు ఎలా తినేస్తదో తెలిసిందే కదా, ఇనప పిస్టల్‌కి రోజూ నూనె రాయాల్సిందే, తన డ్యూటీలో సగం తుడవడమే అని మావయ్యే చెప్తాడు, మళ్ళీ అదే నోటితో "ప్లాస్టిక్‌ది ఏటిరా, పిల్లల బొమ్మ" అంటాడు.

ఆ బొమ్మ, అంటే నా గ్లాక్, కథేంటంటే, గాస్టన్ గ్లాక్ అనే ఆయనకి అంతకుముందు తుపాకుల అనుభవమే లేదు, కర్టెన్ రాడ్లూ ఆర్మీకి కత్తులూ చేసేవాడు, ఆస్ట్రియా సైన్యం కొత్త పిస్టల్ కావాలంటే తెలిసినోళ్ళని కూర్చోబెట్టి అడిగి మొదట్నుంచి కొత్తగా గీయించాడు, 1982లో సైన్యం తీసుకుంది. గ్లాక్ 17లో 17 అంటే రౌండ్లని చాలామంది అనుకుంటారు, రౌండ్లూ 17 పడతాయి నిజమే గానీ పేరు ఆయన 17వ పేటెంట్ నుంచి వచ్చిందంటారు. పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్, ఫ్రేమ్‌లో మొదటిది ఇది కాదు, జర్మన్ వాళ్ళ వీపీ70 1970లోనే వచ్చింది, కాకపోతే దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఖాళీ బరువు 630 గ్రాముల చుట్టూ, మావయ్య దానికంటే పావు కిలో తక్కువ. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో దొరకదనేది ఉత్త పుకారు, స్లైడూ బ్యారెలూ స్టీలే, నిక్షేపంగా కనబడతాయి.

గ్లాక్‌లో నాకు నచ్చేది దాని సాదాసీదాతనమే. బయట మీట నొక్కే సేఫ్టీ లేదు, ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుకలాంటిది ఉంటది, వేలు సరిగ్గా పడితేనే ట్రిగ్గర్ కదులుతది, లోపల ఇంకో రెండు సేఫ్టీలు వాటంతటవే పని చేస్తాయి. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, కాల్చే దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకపోవడం. అంటే అందంగా ఉందని కాదు, ఇటుక ముక్కలా ఉంటది, గురి చూసే ఫ్యాక్టరీ సైట్లు ప్లాస్టిక్, ట్రిగ్గర్ మెత్తగా సాగినట్టుంటది, పట్టు కోణం తేడా వల్ల నా మొదటి పది రౌండ్లూ పైకే పోయాయి. అన్నిటికన్నా పెద్ద తప్పు విప్పేటప్పుడు ఉంది, విడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, బ్యారెల్ వెనక చాంబర్‌లో రౌండ్ మర్చిపోయినోడు గోడకో కాలికో కన్నం పెట్టుకుంటాడు, ఇది ఎన్నోసార్లు జరిగింది. 2011లో జెన్ 4కి, అంటే నాలుగో తరం గ్లాక్‌కి, లోపలి రీకాయిల్ స్ప్రింగులు మార్చిచ్చారు కూడా, కాబట్టి దేవుడేం కాదు.

ఇక బావ గారి సిగ్. చేతికి తీసుకుంటే గ్లాక్ కంటే ఇదే బాగుంది, అబద్ధం చెప్పను. పి320 2014లో వచ్చింది, దీని గొప్పంతా లోపలి స్టీల్ చట్రంలో ఉంది, సీరియల్ నంబర్ దాని మీదే, చట్టం లెక్కలో తుపాకీ అంటే ఆ ముక్కే, పాలిమర్ గ్రిప్ ఫోన్ కవర్ మార్చినట్టు మార్చుకోవచ్చు, చిన్న చేతికి చిన్నది, పెద్ద చేతికి పెద్దది. విప్పడానికి ట్రిగ్గర్ నొక్కక్కర్లేదు. 2017 జనవరిలో అమెరికా ఆర్మీ పాత బెరెట్టాని పక్కనపెట్టి దీన్నే తీసుకుంది, ఎం17, ఎం18 అంటే ఇదే, వాటికి బయట సేఫ్టీ కూడా ఉంటది. ఇంకేం కావాలి అంటాడు బావ.

కావాల్సింది నమ్మకం. అదే 2017 ఆగస్టులో, కింద పడితే కొన్ని కోణాల్లో దానంతటదే పేలుతోందని టెస్టుల్లో బయటపడింది, కంపెనీ ఫ్రీగా పార్టులు మార్చిస్తామంది, బావ ఆ తర్వాత తయారైందే కొన్నాడు కాబట్టి అది తనకి వర్తించదు. అయినా గొడవ అక్కడితో ఆగలేదు, ట్రిగ్గర్ ముట్టకుండానే హోల్‌స్టర్‌లో, అంటే నడుముకి కట్టే ఒరలో, పేలిందని పోలీసులూ మామూలు జనమూ కేసులేశారు, పిస్టల్‌లో లోపం లేదని కంపెనీ వాదన, 2024లో రెండు జ్యూరీలు మాత్రం కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. ప్రతి కేసులో తప్పు పిస్టల్‌దేనా, హోల్‌స్టర్‌లో ఏదైనా ఇరుక్కుందా అని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను గానీ నడుముకి పెట్టుకునే వస్తువు మీద అనుమానం పడితే చేతికి ఎంత బాగుంటే ఏం లాభం.

మధ్యలో మసాడా అనే ఇంకో పిస్టల్ సంగతి, ఇజ్రాయెల్ డిజైన్, పాలిమరే, 17 రౌండ్లే, గ్వాలియర్ పక్క మాలన్‌పూర్‌లో తయారీ పెట్టారు, లోపలి చట్రం బయటికొచ్చే సిగ్ సుఖం ఇందులోనూ ఉంది. నేను పట్టుకోలేదు కాబట్టి మార్కులెయ్యను.

నా లెక్క ఇదీ: రేంజ్‌లో సరదాకి సిగ్, గురి నేర్చుకోడానికి మావయ్య ఇనప పిస్టల్, రోజూ ఒంటి మీద ఉండాలంటే గ్లాక్, అందులోనూ 15 రౌండ్ల చిన్నది గ్లాక్ 19. మావయ్యకి ఇది చదివి వినిపిస్తే "పావు కిలో తగ్గిందని మురిసిపోతున్నావ్ గానీ చెయ్యి ఎగరదేటి?" అన్నాడు. ఎగురుతది, నిజమే.

బావ అయితే ఫోన్లో గంట వాదించాడు, ఆర్మీ తీసుకుంది ఆర్మీ తీసుకుంది అని ఒకటే పాట. ఆఖర్న అక్క ఫోన్ లాక్కుని చెప్పింది, సిగ్ ఆర్నెల్ల నుంచి లాకర్లోనే ఉందంట, రేంజ్‌కి వెళ్ళినప్పుడే తీస్తాడంట, బయటికెళ్తే నడుముకి ఉండేది గ్లాక్ 19 అంట.