పెంకు పురుగుల నమూనా కిట్: సూదులు భేష్, పేరు చీటీలే తప్పులతడక

నీటి పెంకు పురుగుల్ని భద్రపరిచే ఈ కిట్‌ని సూదుల కోసం కొనొచ్చు, పేర్ల కోసం కాదు.

స్టెయిన్‌లెస్ స్టీల్ సూదులు 0 నుంచి 3 నంబరు దాకా ఉన్నాయి. పొడవు 38 మి.మీ., గుచ్చేటప్పుడు వంగవు. సూది కుడి పెంకు రెక్క ముందు భాగంలో దిగాలి. నడిమధ్య దింపితే రెక్కలు రెండూ విచ్చుకుంటాయి. 5 మి.మీ. లోపు పురుగులైతే సూదికి చీలిపోతాయి. వాటికోసం త్రికోణపు అట్టముక్కలు ఇచ్చారు. ముక్క కొనను కాస్త కిందికి వంచి, చిటికెడు జిగురుతో పురుగు కుడి పక్కకు అంటించాలి. జిగురు ఎక్కువైతే వెనక కాళ్ళ మొదళ్ళు కప్పుకుపోతాయి, గుర్తుపట్టడానికి చూడాల్సింది అక్కడే. నీళ్ళలో కరిగే జిగురు కాబట్టి తప్పు దిద్దుకోవచ్చు. 10 రెట్ల భూతద్దం ఫరవాలేదు.

గొడవంతా అచ్చు చీటీలతోనే. ఈ చీటీలన్నీ హైగ్రోబియా అనే నీటి పెంకు పురుగుల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఉన్న కుటుంబానివే. ఆ కుటుంబం పేరులో, లాటిన్ లిపిలో 'ఐ' (i) అక్షరం ఒకటే వేశారు. రెండుండాలి: Hygrobiidae. జంతు నామకరణ నియమావళి 29వ అధికరణం ప్రకారం, ఆధారంగా తీసుకున్న ప్రజాతి పేరులో చివరి ప్రత్యయం పోగా మిగిలే భాగానికి 'ఇడే' (idae) చేరిస్తే కుటుంబం పేరవుతుంది. హైగ్రోబియాలో చివరి 'ఆ' పోగా మిగిలేది హైగ్రోబి, దానికి ఇడే. మన సవర్ణదీర్ఘ సంధి ఇక్కడ చెల్లదు, రెండు 'ఇ'లూ విడిగానే నిలవాలి.

ఇదే కుటుంబం కొన్ని జాబితాల్లో పీలోబియస్ ప్రజాతి పేరుమీదుగా పీలోబియిడే అని కనిపిస్తుంది. హైగ్రోస్ అంటే గ్రీకులో తడి, పీలోస్ అంటే బురద, బియోస్ అంటే బతుకు. బురద అడుగున మసిలే పురుగుకు రెండో పేరే ఎక్కువ నప్పుతుంది. చీటీ మీద రెండూ వేసుంటే వెతుక్కునేవాళ్ళకు ఇబ్బంది తప్పేది. ఈ పురుగు నోటితో అరుస్తుందని కిట్‌లోని కరపత్రంలో రాయడం ఇంకో తప్పు: పొట్ట చివరను పెంకు రెక్కల అడుగుకు రాసి కీచుమంటుంది.

ఈ కుటుంబంలో ఉన్నదే 6 జాతులు: యూరప్, ఉత్తర ఆఫ్రికాలకు కలిపి ఒకటి, చైనాలో ఒకటి, ఆస్ట్రేలియాలో నాలుగు. ఇంత చిన్న కుటుంబానికి 20 చీటీలిచ్చి, స్థలం, తేదీ, పట్టినవారి పేరు రాసే ఖాళీ చీటీ ఒక్కటీ పెట్టలేదు. అవి లేని నమూనా పరిశోధనకు దాదాపు దండగే. ఆమ్లం లేని కాగితం మీద సొంతంగా అచ్చేసుకుని, వివరాల చీటీని పైన, పేరు చీటీని దాని కింద అదే సూదికి గుచ్చండి.