‘ఈ గేమ్ దీనికే వస్తుంది’ అని కన్సోల్ అంటగడుతున్నారు: కర్నూలువారు జాగ్రత్త

పిల్లలకు గేమ్ కన్సోల్ కొందామని నంద్యాల, ఆదోని నుంచి కూడా కర్నూలు వస్తుంటారు. వాళ్లందరూ ఇది చదివాకే డబ్బు తీయండి. రాజ్‌విహార్ కూడలి దగ్గర ఒక దుకాణంలో జపాన్ సంస్థ నింటెండో చేసిన ‘వీ యూ’ అనే కన్సోల్‌ను ‘ఇప్పుడే దిగిన కొత్త సరుకు’ అంటూ 14,000 రూపాయలకు అమ్ముతున్నారు. మేనల్లుడి కోసం అక్కా నేనూ వెళ్లి తీసుకున్నాం. టీవీ మీద మారియో కార్ట్ 8 అనే బండ్ల పందెం గేమ్ ఆడించి చూపించారు. “ఈ గేమ్ దీంట్లో తప్ప ఇంకెక్కడా రాదు మేడం. ఇలాంటి గేములు ఉన్నంతకాలం దీని గిరాకీ తగ్గదు, రేపు మీరు అమ్ముకున్నా ఇదే ధర పలుకుతుంది” అన్నారు.

అందులో ఒక్క మాటా నిజం కాదు. వీ యూ తయారీ 2017 జనవరిలోనే ఆగిపోయింది. కొత్త సరుకు ఎక్కడి నుంచి దిగుతుంది? మారియో కార్ట్ 8 వీ యూకు వచ్చింది 2014 మేలో. 2017 ఏప్రిల్‌లో అదే గేమ్ మరికొన్ని హంగులతో నింటెండో తర్వాతి కన్సోల్ ‘స్విచ్’కు వచ్చి, ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

గేమ్ మంచిదే. నలుగురు పిల్లలు ఒకే టీవీ ముందు కూర్చుని ఆడుతుంటే ఇల్లంతా సందడిగా ఉంటుంది. అది వచ్చినప్పుడు వీ యూ అమ్మకాలు కొంత పుంజుకున్న మాటా వాస్తవమే. కానీ ఆ ఊపు నిలవలేదు. అంతకు ముందు వచ్చిన నింటెండో కన్సోల్ ‘వీ’ అమ్మకాలు పది కోట్లు దాటితే, వీ యూ మొత్తం మీద 1.35 కోట్ల దగ్గర ఆగింది. కొన్నవాళ్లు తక్కువ కావడంతో బయటి సంస్థలు దానికి గేములు చేయడం మానుకున్నాయి, గేములు లేక కొనేవాళ్లు ఇంకా తగ్గారు.

నింటెండోదే, చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ సంగతి వేరు. 2011లో అది కూడా మొదట్లో చతికిలపడింది. జపాన్‌లో ధరను 25,000 యెన్‌ల నుంచి 15,000కు దించారు, ఏడాది చివర్లో రెండు మారియో గేములు తెచ్చారు, అప్పుడు నిలబడింది. అంటే కన్సోల్ నిలబడాలంటే గేము ఒక్కటే చాలదు, ధర తగ్గాలి, తయారీదారు ఆ కన్సోల్‌ను పట్టించుకుంటూ ఉండాలి. వీ యూ ఆన్‌లైన్ దుకాణం 2023 మార్చిలో మూసేశారు, ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆపేశారు. ఈ ముక్క దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి డబ్బా విప్పితే అసలు విషయం బయటపడింది. ఆడించి చూపింది ఒకటి, డబ్బాలో పెట్టి ఇచ్చింది మరొకటి. ఇచ్చింది జపాన్ కన్సోల్. దాంట్లో తెర మీద అంతా జపాన్ భాషే వస్తుంది, మార్చుకునే వీలు లేదు. అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ‘100 వోల్టులు’ అని ఉంది. మన ఇళ్లలో వచ్చేది 230. నేరుగా ప్లగ్గులో పెట్టి ఉంటే కాలిపోయేది, చేతిలో పట్టుకున్న పిల్లవాడికి ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేస్తోంది. విడిగా డబ్బు కట్టి తీసుకున్న గేమ్ డిస్కు యూరప్‌ది. వీ యూకు ప్రాంతాల కట్టడి ఉంది, జపాన్ కన్సోల్‌లో యూరప్ డిస్కు ఆడదు.

తిరిగి వెళితే “అమ్మిన సరుకు వాపసు తీసుకోం” అన్నారు. బిల్లు అంటూ ఇచ్చిన కాగితం మీద ‘గేమ్ బాక్స్ 1’ అని మాత్రమే ఉంది, సీరియల్ నంబరు లేదు.

పాత వస్తువును కొత్తదని అమ్మడం, సరైన బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. ఐదు లక్షల లోపు వస్తువులకు అక్కడ రుసుము ఉండదు. ఇదే దుకాణంలో ఇదే కన్సోల్ కొన్నవారు ఉంటే బిల్లు పారేయకండి. అడాప్టర్ మీది చీటీని, కన్సోల్ అడుగున ఉన్న సీరియల్ నంబరును ఫొటో తీసి పెట్టుకోండి. వోల్టులు చూడకుండా మాత్రం ప్లగ్గులో పెట్టవద్దు.