30 రోజుల ‘మత్సరపడకుము’ ప్లాన్: నేను మూడు స్టార్లే ఎందుకు నొక్కానంటే

ముందే చెప్తున్నాను, ఈ రివ్యూ యాప్ మొత్తానికి కాదు. అందులో బైబిల్లోని కీర్తనలు 37, 73 మీద 30 రోజుల ఆడియో ప్లాన్ ఒకటుంది, దాని గురించి మాత్రమే. చెడు చేసేవాళ్లు బాగుపడుతుంటే చూసి కుళ్లుకోకుండా విశ్వాసి ఎలా బతకాలన్నది అందులో విషయం. మధ్యలో రెండుసార్లు తప్పిపోయినా మొత్తానికి పూర్తిచేశాను. లింకు పంపింది మా సంఘంలో ఒక అక్క. "నీకే పంపాలనిపించింది తమ్ముడూ" అంది. ఎందుకనిపించిందో నేను అడగలేదు. మొహం మీదే రాసి ఉందేమో.

నాది స్టోర్స్‌లో పని. వచ్చిన సరుకు లెక్కపెట్టి, బిల్లుతో సరిపోతేనే సంతకం పెట్టాలి. నేను చేరిన ఏడాదే చేరిన మనిషి ఒకతను ఉన్నాడు. 80 వస్తే 100 అని రాస్తాడు. తేడా 20 ఎటు పోతుందో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. నేను 80 అని రాసిన ఫైలు మాత్రం "మళ్లీ లెక్కపెట్టండి" అంటూ మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఇప్పుడతను నా పై అధికారి. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేదీ అతనే, గొంతు బాగుంటుంది. నిజం చెప్పాలంటే అతని డబ్బు చూసి కాదు నాకు మండింది, అతని నిద్ర చూసి. ఒకసారి ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. తల దిండుకి తగిలిందో లేదో గురక మొదలు. నేను తెల్లవారుజాము దాకా తిరిగే ఫ్యాన్‌ని చూస్తూ పడుకున్నాను. తప్పు చేసింది అతను, నిద్ర పట్టనిది నాకు.

ఇక ప్లాన్ సంగతి. 37వ కీర్తన హెబ్రీలో అక్షరమాల వరసలో రాసిన కీర్తన. 22 అక్షరాలు, ఒక్కో అక్షరంతో ఒక్కో చరణం మొదలవుతుంది. తెలుగులో చదివేటప్పుడు ఇది మనకు తెలియదు, చెప్పిన మాటే మళ్లీ చెప్తున్నాడేంటి అనిపిస్తుంది. ప్లాన్ చేసినవాళ్లు తెలివిగా రోజుకో అక్షరం చొప్పున 22 రోజులు దీనికిచ్చి, మిగతా 8 రోజులు 73వ కీర్తనకు పెట్టారు. రోజూ ముందు వచనం చదువుతారు, తర్వాత మూడు నిమిషాల మాట, చివర ఒక ప్రశ్న. చదివే గొంతు తొందరపడదు. పొద్దున్నే ఆఫీసు వ్యాన్ కోసం నిలబడి, పనిచేసే ఒక్క ఇయర్‌ఫోన్‌తో వినడానికి సరిగ్గా సరిపోతుంది.

మొదటి రోజే నాకు ఈ ప్లాన్ మీద గౌరవం పుట్టింది. "చెడ్డవారిని చూచి నీవు వ్యసనపడకుము" అని కదా మొదటి మాట. వ్యసనం అంటే ఇవాళ మనకి తాగుడు, జూదం. పాత తెలుగులో దుఃఖపడటం, బాధపడటం. హెబ్రీలో ఆ చోట ఉన్న మాటకు మూలార్థం మండటం, రగలడం అని వివరించారు. తమ్ముణ్ణి చంపిన కయీనుకు కోపం వచ్చిందని చెప్పే చోట కూడా అదే ధాతువట. అంటే ‘నిన్ను నువ్వు రగిలించుకోకు’ అని. ఇది విని నాకు నవ్వొచ్చింది, మనం కడుపుమంట అంటాం చూడండి! సరదాకి యాప్ సెర్చ్‌లో కడుపుమంట అని కొట్టాను. మత్తయి 20:15 వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్లకూ అంతే కూలి ఇచ్చాడని సణిగితే, ద్రాక్షతోట యజమాని పొద్దున్నించి పనిచేసినవాణ్ణి అడుగుతాడు, "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అని. చిన్నప్పటి నుంచి వింటున్న ఉపమానమే, ఆ మాట మాత్రం ఎప్పుడూ నా చెవిన పడలేదు.

అయిదో రోజు వచ్చేది 8వ వచనం. వ్యసనపడకుము, "అది కీడుకే కారణము" అని ఉంటుంది. అసూయ వల్ల మనసు పాడవుతుందనే మామూలు అర్థం దగ్గర ఆగిపోకుండా, అసూయపడేవాడు కొన్నాళ్లకు తాను అసూయపడే మనిషి చేసిన పనే చేస్తాడని చెప్పారు. నేను వ్యాన్‌లో ఇయర్‌ఫోన్ తీసేశాను. ఎందుకంటే రెండు నెలల ముందు ఒక సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, నేనూ స్క్రీన్ మీద 80 చెరిపి 100 అని కొట్టాను. ఎంటర్ నొక్కలేదు. కర్సర్ ఆ రెండో సున్నా పక్కన కొట్టుకుంటూ ఉంది. ఎంతసేపు చూశానో తెలీదు, సెక్యూరిటీ అతను లైట్లు ఆపడానికి వచ్చాడు. చెరిపేసి మళ్లీ 80 కొట్టి ఇంటికొచ్చాను. ఇది మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇక్కడ పేరు కనిపించదు కాబట్టి రాస్తున్నాను.

పేరంటే గుర్తొచ్చింది. మొదటి రోజు ప్రశ్న ‘మీకు ఎవరిని చూస్తే అసూయ?’ అని. జవాబు రాసే పెట్టె కింద ‘గ్రూపుతో పంచుకోండి’ అని చిన్న గడి ఉంటుంది, అందులో టిక్ ముందే పెట్టి ఉంటుంది. తీసేసి రాయండి. నేను సేవ్ నొక్కబోతూ చూశాను, చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ గ్రూపులో అతను కూడా ఉన్నాడు.

అవును, అతనూ ఇదే ప్లాన్ చేస్తున్నాడు. అక్క లింకు అందరికీ పంపింది మరి.

ఈ యాప్ మీద నా అసలు కంప్లయింట్ ఇక్కడే. వరసగా ఎన్ని రోజులు విన్నారో గ్రూపులో అందరి పేర్లతో లిస్టు పెడతారు. పేరు పక్కన నిప్పు బొమ్మ, దాని పక్కన అంకె. రగిలిపోకు అని చెప్పే కీర్తనకు నిప్పు బొమ్మ! నాకు జ్వరం వచ్చి ఒక రోజు తప్పింది, నా నిప్పు ఆరిపోయి మళ్లీ ఒకటికి వచ్చింది. అతనిది 19. లిస్టులో పైన అతనే. అతను ప్లే నొక్కి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, సౌండ్ తగ్గించి, బిల్లులు పాస్ చేసుకుంటాడు. నా కళ్లతో చూశాను. నేను ఒక్కో వచనం రెండేసిసార్లు వింటున్నాను, నాది మూడు. అసూయ వదలమని చెప్పే ప్లాన్‌లో కూడా నేను అతన్ని చూసి అసూయపడ్డాను, అదీ భక్తి విషయంలో. ఎవరికి చెప్పుకోవాలి ఇది? సెట్టింగ్స్‌లో చివరి దాకా వెళ్తే ఈ లిస్టు ఆపే చోటు ఉంది. మొదటి రోజే ఆపేసుకోండి.

14వ రోజు నాకు నచ్చలేదు. "నీతిమంతులు విడువబడుట గాని వారి సంతానము భిక్షమెత్తుట గాని నేను చూచియుండలేదు" అన్న 25వ వచనం. దాన్ని గ్యారంటీ కార్డులా చదివేశారు, నిజాయితీగా ఉంటే ఏ లోటూ రాదు అన్నట్టు. మరి లూకా 16లో కురుపులతో ధనవంతుడి వాకిట పడి ఉన్న లాజరు సంగతేంటి? చనిపోయాక అతన్ని దేవదూతలు అబ్రాహాము రొమ్మున చేర్చారు, బతికున్నన్నాళ్లూ మాత్రం రొట్టెముక్కల కోసం ఆశపడుతూనే ఉన్నాడు. 37వ కీర్తన దావీదు పేరున ఉంది, అతను తాను చూసింది చెప్పాడు. అది వినేవాడి తలకి లెక్కగట్టి ఇచ్చిన హామీ కాదు. ఆ మాట ఒక్క వాక్యంలోనైనా చెప్పాల్సింది, ఎందుకంటే ఈ ప్లాన్ వినేవాళ్లలో సగం మంది నష్టపోయినవాళ్లే అయ్యుంటారు.

16వ రోజో 17వ రోజో, మా ఆఫీసుకి ఆడిట్ వస్తోందని పుకారు పుట్టింది. ఇక చూడండి నా సంబరం. మొదటి రోజు ఆడియో మళ్లీ పెట్టుకున్నాను, "గడ్డివలెనే త్వరగా ఎండిపోవుదురు" అన్న ముక్క మూడుసార్లు వెనక్కి జరిపి విన్నాను. పాట విన్నట్టు. ఆ హుషారులోనే ఇలాంటి వచనాలు ఇంకెక్కడున్నాయా అని మత్సర అని వెతికితే సామెతలు 23, 24 అధ్యాయాలు వచ్చాయి. 24:19 తెరిచాను. ఈ యాప్‌లో వచనం ఒక్కటే రాదు, పైనా కిందా కూడా కనిపిస్తాయి. రెండు వచనాల పైన, 24:17లో, "నీ శత్రువు పడినప్పుడు సంతోషింపకుము" అని ఉంది. అతనింకా పడనే లేదు, నేను అప్పుడే పండగ చేసుకుంటున్నాను. ప్లాన్‌లో ఈ వచనం ఎక్కడా లేదు. ఉండాల్సింది. దుర్మార్గుల అంతం గురించే 22 రోజులు చెప్పి ఈ ఒక్క మాట వదిలేస్తే, అసూయ పోయి ఆ చోటు ఖాళీగా ఉండదు, దాని చెల్లెలు వచ్చి కూర్చుంటుంది. ఆ సెర్చ్ తయారుచేసినవాళ్లకు మాత్రం దండం పెట్టాలి.

చివరి 8 రోజులకే నేనైతే అయిదు స్టార్లిస్తాను. 73వ కీర్తన ఆసాపుది. దావీదు నియమించిన గాయకుల్లో పెద్ద, తాళాలు వాయించినవాడు, కీర్తనల్లో 12 అతని పేరున ఉన్నాయి. అంటే దేవుని సన్నిధిలో పాటలు పాడటమే ఉద్యోగం అయిన మనిషి, నేను మత్సరపడ్డాను, కొంచెంలో కాలు జారేది అని ఒప్పుకుంటున్నాడు. 24వ రోజు మాటలో ఒక విషయం పట్టి చూపించారు. ఆసాపు ఆ మనుషుల్ని ఎలా వర్ణించాడో చూడండి అన్నారు. మెడలో హారంలా గర్వం, ఒంటి మీద బట్టలా బలాత్కారం, కొవ్వుతో ఉబ్బిన కళ్లు, తర్వాత నోరు, నాలుక. ఒక మనిషిని మెడ నుంచి నాలుక దాకా ఇంత వివరంగా చెప్పాలంటే ఎంతసేపు చూస్తూ కూర్చుని ఉండాలి! నాకు అతని వాచీ నమూనా తెలుసు. కారు నంబరు నోటికొచ్చు. మా అబ్బాయి స్కూల్ బ్యాగ్ ఏ రంగో అడిగితే మాత్రం తడుముకుంటాను.

వాడు పదో తరగతి. ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, నువ్వు కూడా 100 అని రాసేయొచ్చుగా, ఎలాగూ ఎవరూ ఏమీ అనట్లేదుగా" అన్నాడు. నేను ఇంట్లో ఎంత వాగానో అప్పుడర్థమైంది. 26వ రోజు వచ్చేది 15వ వచనం. నా మనసులో ఉన్నదంతా ఇలా బయటికి చెప్పేసి ఉంటే నీ పిల్లల్ని మోసం చేసినవాణ్ణి అయ్యేవాణ్ణి అంటాడు ఆసాపు. చేతులు కడుక్కుని నిర్మలంగా బతకడం వ్యర్థం అన్న మాట అతనికీ లోపల వచ్చింది, కానీ పిల్లల ముందు అనలేదు. దేవుని దగ్గర మాత్రం అంతా చెప్పేశాడు. ఆ రోజు ప్రశ్నకు నేను జవాబు రాయలేదు, మా వాణ్ణి పిలిచి మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇక్కడొద్దు.

28వ రోజు గొంతు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. "తెలివిలేని పశుప్రాయుడనైతిని" అని చదివి, కాస్త ఊపిరి తీసుకుని, "నా కుడిచెయ్యి నీవు పట్టుకొని యున్నావు" అని. గమనిస్తే, ఆ కీర్తనలో దుర్మార్గులు ఎందుకు వర్ధిల్లుతున్నారన్న ప్రశ్నకు జవాబు దొరకదు. వాళ్ల అంతం పరిశుద్ధ స్థలంలో అర్థమైందంటాడు, ఆ మాట మీద ఎక్కువసేపు నిలబడడు. తర్వాత వాళ్ల మాట ఒక్క వచనానికి తగ్గించి, ఎక్కువగా ‘నీవు, నీవు’ అంటూ కీర్తన ముగింపుకొస్తాడు. చూపు మళ్లింది, అంతే.

ఆడిట్ వచ్చింది, పోయింది. అతను అదే కుర్చీలో ఉన్నాడు. లిస్టు ఆపేసిన రెండో వారంలో మెసేజ్ పెట్టాడు, "అన్నా, నీ పేరు కనబడట్లేదు, ప్లాన్ మానేశావా?" అని. వింటూనే ఉన్నానని రాశాను. "నేనైతే సగం రోజులు వినలేదన్నా, నొక్కి వదిలేశా. నిద్ర సరిగ్గా పట్టట్లేదు ఈ మధ్య" అని బదులిచ్చాడు. ఆ మెసేజ్ చాలాసేపు చూశాను. 73 ఒక్కటైనా నొక్కి వదిలేయకుండా విను అని ఆ ఆడియో పంపాను.

మూడు స్టార్లు. ఆ నిప్పు బొమ్మల లిస్టు తీసేసి, టిక్ ముందే పెట్టడం మానేస్తే నాలుగు చేస్తాను. సామెతలు 24:17 కలిపితే ఇంకొకటి.