పడక పక్కన పెట్టలేని మంచి ఛార్జర్: మూడు నెలల తరువాత

ఈ ఛార్జర్ కొని మూడు నెలలైంది. రెండు యూఎస్‌బీ-సి పోర్టులు, మొత్తం 65 వాట్లు. ల్యాప్‌టాప్, ఫోను రెండూ ఒకేసారి ఛార్జింగ్‌కు పెట్టవచ్చు. పని విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఫోను త్వరగా నిండుతుంది, పెట్టె చేయి కాలేంతగా వేడెక్కదు, పిన్నులు సాకెట్‌లో వదులు కాలేదు. ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు. ఎవరూ రాయని సంగతి ఒకటుంది, అందుకే ఇది రాస్తున్నాను. ఈ ఛార్జర్ కూస్తుంది.

మొదటి రాత్రే వినిపించింది. దీపం ఆర్పి పడుకున్నాను, ఫ్యాను కూడా ఆగి ఉంది. తలకు మూరెడు దూరంలో ఉన్న సాకెట్ నుంచి దారం లాగినట్టు సన్నటి కీచుధ్వని. నా చెవిలోనే మోగుతోందేమో అనుకున్నాను కొంతసేపు. లేచి స్విచ్ ఆపాను, ఆగింది. వేశాను, మొదలైంది. మూడుసార్లు అలా చేశాక ఇక సందేహం మిగల్లేదు.

మా ఆయనకు అది అసలు వినబడదు. మా అమ్మాయికి గుమ్మం దగ్గర నుంచే వినబడుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ (అంటే సెకనుకు 20 కంపనలు) నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది గాని, వయసు మీదపడే కొద్దీ ఆ పైకొసే ముందు తరిగిపోతుంది. చిన్నప్పుడు పక్కగదిలో శబ్దం పూర్తిగా తగ్గించిన డబ్బా టీవీ నడుస్తోందో లేదో నేను గోడ ఇవతల నుంచే చెప్పేదాన్ని. పెద్దవాళ్లు నమ్మేవారు కాదు, "నీకు ఊరికే అలా అనిపిస్తోంది" అనేవారు. ఆ టీవీలు తెర మీద సెకనుకు 15,625 గీతలు గీసేవనీ, కొన్ని దేశాల్లో 15,734 అనీ, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా ఆ స్థాయిలోనే కూసేదనీ ఎన్నో ఏళ్ల తరువాత చదివాను. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఛార్జర్ ఎప్పుడెప్పుడు కూస్తుందో వారం రోజులు గమనించాను. ల్యాప్‌టాప్‌కు పూర్తి బలంతో కరెంటు ఇస్తున్నప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది. ఫోను నిండిపోయాక, లేదా ఏ కేబులూ తగిలించకుండా సాకెట్‌లో వదిలేసినప్పుడు మొదలుపెడుతుంది. పని లేనప్పుడు శబ్దమేమిటని నాకూ వింతగానే తోచింది. ఇలాంటి ఛార్జర్లు కరెంటును సెకనుకు వేలకు వేలసార్లు తెంచి కలుపుతూ పనిచేస్తాయి. ఆ వేగం సాధారణంగా మన చెవికి అందదు. లోడు, అంటే తగిలించిన పరికరం లాగే కరెంటు, బాగా తగ్గినప్పుడు మాత్రం, కరెంటు వృథా కాకుండా కాసేపు పనిచేసి, కాసేపు ఆగి, మళ్లీ పనిచేస్తాయి. ఆ విడతల వేగం వినబడే స్థాయికి దిగివస్తుంది. కాయిల్ తీగ చుట్లు, ట్రాన్స్‌ఫార్మర్ నడిమి దిమ్మ (కోర్), విద్యుత్తును కాసేపు నిలవుంచే చిన్న సెరామిక్ కెపాసిటర్లు ఆ లయకు వణుకుతాయి. వాటిని అతికించిన బోర్డు వీణ కుండలా ఆ వణుకును పెద్దది చేస్తుంది.

పాత స్టెబిలైజర్ చేసే ఝుంకారం వేరు. సరఫరా 50 హెర్ట్జ్ అయితే అది 100 దగ్గర, 60 అయితే 120 దగ్గర మోగుతుంది. దానితో నాకు పేచీ లేదు, పది నిమిషాల్లో మనసు దాన్ని వదిలేస్తుంది. ఈ సన్నటి కూతను వదలదు.

ఫోనులో ధ్వనిని పటంగా చూపే యాప్ వేసి, మైకును ఛార్జర్ పక్కన ఉంచాను. 9,000 హెర్ట్జ్ దగ్గర ఒక గీత నిటారుగా లేచింది. స్విచ్ ఆపితే పడిపోయింది. మా ఆయన అది చూసి, మారు మాట్లాడకుండా ఛార్జర్‌ను తీసుకెళ్లి హాల్లో పెట్టారు. ఆయనకు ఇప్పటికీ వినబడదు, కానీ నమ్మారు. నాకు అది చాలా పెద్ద విషయం.

ఛార్జర్ మార్చి ఇమ్మని కంపెనీకి రాస్తే, ఛార్జింగ్ అవుతోంది కనుక లోపం లేదని మొదట జవాబిచ్చారు. ఆ పటం పంపాక మార్చారు. రెండోది కొంత నయం, చెయ్యి చాచినంత దూరం వెళితే వినబడదు. కాయిల్‌ను వార్నిష్‌లో ముంచి, కదలకుండా జిగురు పోస్తే చాలావరకు అణిగే శబ్దం ఇది. అలాగని పెట్టె విప్పి మీరు ప్రయత్నించవద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. కూత ఒక్కటే వస్తుంటే సాధారణంగా భయపడనక్కరలేదు. చిటపటలు, కాలిన వాసన, రంగు మారిన ప్లగ్ కనిపిస్తే మాత్రం వెంటనే వాడకం ఆపేయండి.

ఐదుకు మూడు ఇస్తున్నాను. హాల్లోనో పనిచేసే బల్ల దగ్గరో వాడుకునేవారు సందేహించకుండా కొనవచ్చు. సన్నని శబ్దాలు పట్టే చెవి ఉన్నవారు, పసిపిల్లల పక్క దగ్గర పెట్టాలనుకునేవారు ముందు ఒక రాత్రి ఖాళీగా సాకెట్‌లో ఉంచి విని, మార్చుకునే గడువు దాటకముందే నిర్ణయించుకోండి. ఎన్నో ఫ్రిజ్‌లకు శబ్దం ఎన్ని డెసిబెల్లో చెబుతున్నారు. తల పక్కన రాత్రంతా ఉండే వస్తువుకూ ఆ ఒక్క అంకె పెట్టె మీద అచ్చువేయాలని ఈ కంపెనీకి రాశాను. జవాబు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే చేరుస్తాను.