లేని కట్టడాన్ని చూపించే నడక

విజయనగరంలో పదవీ విరమణ చేసిన చరిత్ర మాస్టారొకరు కొంతకాలంగా ఆదివారం ఉదయాల్లో పాత ఊరిని నడిపించి చూపిస్తున్నారు. మనిషికి రెండు వందల రూపాయలు. అందులో మధ్యలో ఒక టీ, చివర్లో ఒక వాదన కలిసి ఉంటాయి. నేను వెళ్లింది ఆ వాదన కోసమే. పుట్టి పెరిగిన ఊరిని డబ్బు పెట్టి చూడటమేమిటని ఇంట్లో నవ్వారు కూడా.

ఆరున్నరకు గంటస్తంభం దగ్గర తొమ్మిది మందిమి కలిశాం. 1885లో ఇసుకరాతితో కట్టిన ఈ స్తంభం ఎత్తు 68 అడుగులని, దానికి ఎనిమిది ముఖాలున్నాయని, మొదట తెల్లగా ఉండేదని, ఇప్పటి ఎరుపు, మీగడ రంగులు తర్వాత వేసినవని మాస్టారు చెప్పారు. రంగు మారితే పాతది ఉన్నట్టా, పోయినట్టా అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే నడక మొదలుపెట్టారు. ఆ ప్రశ్న ఎందుకు వేశారో మూడు లాంతర్ల కూడలికి వచ్చాక గాని నాకు అర్థం కాలేదు.

ఈ నడకలో డబ్బుకు తగిన భాగం అదే. 2020 మే నెలలో, కరోనా ఆంక్షల కాలంలో, అక్కడ మూడు లాంతర్లతో ఉన్న పాత దీపాల స్తంభాన్ని అభివృద్ధి పనుల పేరుతో కూల్చివేశారు. మాజీ కేంద్ర మంత్రి అశోక్ గజపతిరాజు బహిరంగంగా ఖండించడంతో అది రాజకీయ వివాదమైంది. మాస్టారు ఆ తగువులోకి పోలేదు. ప్లాస్టిక్ తొడుగు వేయించిన ఒక పాత ఫొటోను చేతికిచ్చి, రోడ్డు అంచున ఒక చోట నిలబడమని, ఫొటోలోని పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఎదురుగా కనిపిస్తున్న గుడితో కలిసేదాకా చెయ్యి పైకెత్తి జరపమని చెప్పారు. గుడి గుడితో కలిసిన క్షణంలో, లేని స్తంభం నా బొటనవేలి పక్కన దాని పాత చోటులోనే నిలబడింది. అంతలో ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ సరిగ్గా దాని గుండానే దూసుకుపోయింది. చిన్నప్పుడు పైడితల్లి జాతర సిరిమానోత్సవానికి తీసుకొచ్చినప్పుడల్లా మా నాన్న నా చెయ్యి వదిలేముందు చెప్పే మాట ఒక్కటే ఉండేది: తప్పిపోతే ఎక్కడికీ వెళ్లకు, మూడు లాంతర్ల కింద నిలబడు. ఫొటో పక్కవారికి అందించడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

వాదన నడిచే పద్ధతి బాగుంది. టీ కొట్టు పక్కన నీడలో మాస్టారు చీటీలు పంచుతారు. ఉంచాలి, తీయాలి, మరో చోటికి మార్చాలి అనే మూడింటిలో ఏది వస్తే దాని తరఫునే మాట్లాడాలి, సొంత అభిప్రాయం జేబులో పెట్టుకోవాలి. నాకు తీయాలి అని వచ్చింది. లాంతర్లు పెట్టింది వెలుతురు కోసం గనుక, కరెంటు దీపాలు వచ్చాక వాటి పని అయిపోయిందని, రోడ్డు బతికి ఉన్నవాళ్లదని వాదించాను. మనసు ఒప్పుకోని మాటలను కూడా ఇంత గట్టిగా చెప్పగలనని నాకే తెలియదు. నాలుగు సింహాల చిహ్నం ఉన్న కట్టడాన్ని తొలగించడానికైనా ఒక మర్యాద ఉండాలి కదా అని ఒక కాలేజీ అమ్మాయి నన్ను నిలదీసింది.

అసలు మాట బొబ్బిలి నుంచి వచ్చిన పెద్దాయన నోట వచ్చింది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకొని విజయనగరం రాజు బొబ్బిలి కోట మీదికి వెళ్లాడని, తర్వాత గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడని ఈ ప్రాంతంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. పైడితల్లి ఆ రాజు చెల్లెలేనని, యుద్ధం వద్దని వారించిందని ఐతిహ్యం. అటువంటి ఊరివాడికి విజయనగరం కట్టడాన్ని ఉంచాలి అనే చీటీ వచ్చింది. ఆయన లేచి, "మా ఊళ్లో యుద్ధస్తంభం మేం ఓడిన యుద్ధానిదేనండీ. ఓడినోళ్లం మేం రాయి నిలబెట్టుకున్నాం, గెలిచిన ఊళ్లో మీరు దీపాల స్తంభం నిలబెట్టుకోలేకపోయారేటండీ?" అన్నారు. ఆ తర్వాత నా చీటీకి విలువ లేకుండా పోయింది.

మాస్టారు రెండు బయటి ఉదాహరణలు మాత్రం చెప్పారు. ఢిల్లీలో ఇండియా గేటు ఎదుటి మండపం నుంచి అయిదో జార్జి విగ్రహాన్ని 1968లో తీసేస్తే, 2022లో నేతాజీ విగ్రహం వచ్చేదాకా అది ఖాళీగానే ఉంది. మన లాంతర్లు పోయిన కొద్ది రోజులకే, 2020 జూన్ 7న, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం పడగొట్టి రేవులో పారేశారు. ఆ తర్వాత దాన్ని పైకి తీసి, పూసిన రంగులతో సహా మ్యూజియంలో పడుకోబెట్టి చూపించారు. అక్కడ కోపం మనిషి మీద. ఇక్కడ లాంతర్ల మీద ఎవరికీ కోపం లేదు, మాతో ఒక మాటైనా అనకుండా తీసేశారన్న కినుకే ఉంది. ఈ తేడాను మాస్టారు ఇంకాస్త విడమరిచి చెప్పి ఉండాల్సింది.

లోపాలు లేకపోలేదు. ఏడున్నర దాటాక బండ్ల రొదలో ఆయన గొంతు మూడో మనిషికి వినపడదు. చిన్న మైకు కొనుక్కుంటే సరిపోతుంది. కోట దగ్గర హడావుడిగా ముగించారు. 1713లో కట్టిన కోట అన్నారు, బురుజులు చూపించారు, అంతే. 1869లో కట్టిన, కోటలోని దర్బారు భవనం మోతీ మహల్ ఇప్పుడు లేదన్న సంగతిని ఒక్క వాక్యంలో దాటవేశారు. కోట గోడ లోపల పోయినదానికి లేని గొడవ నడిరోడ్డు మీద పోయినదానికి ఎందుకు వచ్చిందని ఆ కాలేజీ అమ్మాయే అడిగితే, ఎండెక్కుతోందని నవ్వేశారు. ఎండ నిజమే గాని, నేను డబ్బిచ్చింది ఆ జవాబుకు కూడా. ఈ వైభవమంతా ఏ రైతుల శిస్తుతో నిలబడిందన్న మాట ఎక్కడా రాకపోవడం ఇంకో కొరత. ముసలివారిని తీసుకువెళ్లేవారు మడత కుర్చీ పట్టుకెళ్లడం మంచిది, దారిలో కూర్చునే చోటు టీ కొట్టు బల్ల ఒక్కటే.

డబ్బు ముందుగా తీసుకోరు, వాదన అయ్యాకే తీసుకుంటారు. మధ్యలో అలిగి వెళ్లిపోయినవారిని అడగరట. ఆ రోజు ఎవరూ అలగలేదు. బొబ్బిలి పెద్దాయన మాత్రం, టీ విజయనగరం ఖాతాలో తాగనని పట్టుబట్టి, పది రూపాయలు విడిగా బల్ల మీద పెట్టి వెళ్లారు.